గురువుగారి ధైవతం, పుస్తకంలోని ధైవతం

ఎం.ఏ. కర్ణాటక సంగీతం చివరి ఏడాది చదువుతున్న ఒక పాఠకురాలు, పేరూ ఊరూ ప్రకటించవద్దని కోరుతూ పెద్ద ఉత్తరం రాశారు. ఆమె పదకొండో ఏట నుంచి ఒకే గురువుగారి దగ్గర గాత్రం నేర్చుకుంటున్నారు. ప్రాక్టికల్స్‌లో ఎప్పుడూ మంచి మార్కులే. చిక్కంతా రాతలో వచ్చింది. త్యాగరాజ కృతులలోని పాఠాంతరాల (ఒకే కృతిని వేర్వేరు పరంపరలవారు వేరుగా పాడే రూపాల) మీద డిసర్టేషన్ రాయాలని ఎనిమిది కృతులు ఎంచుకున్నారు. మొదటి రెండు అధ్యాయాలు ఇస్తే, గైడ్ మేడమ్ "ఇది పరిశోధన కాదు, స్తోత్రం" అని అంచున రాసి తిప్పి ఇచ్చేశారు. మూడో అధ్యాయం అసలు కదలడం లేదు. ‘నగుమోము గనలేని’ కృతిని గురువుగారు ఆమెకు చతుశ్రుతి ధైవతంతో నేర్పారు. (ధైవతం సప్తస్వరాల్లో ఆరోది, "ద"; శుద్ధ ధైవతం కింది స్థానం, చతుశ్రుతి దానికి పైది.) గ్రంథాలయంలో దొరికిన ఒక పాత స్వరలిపి పుస్తకంలో మాత్రం ఆ కృతి తలకట్టున (పైనున్న శీర్షిక పంక్తిలో) 20వ మేళమని, అంటే స్వరాలను బట్టి రాగాలను చేర్చే వర్గాల్లో శుద్ధ ధైవతం ఉన్నదని ఉంది. ఆ సంగతి అడిగితే గురువుగారు, "పుస్తకం చూసి పాట నేర్చుకున్నవాడెవడూ నాకు తెలియదు" అని ఊరుకున్నారు. ఆయనకు డెబ్బై దాటాయి. ఆయన చెప్పిన పాఠానికి భిన్నమైన పాఠం ఉందని రాసి సంతకం పెడితే గురుద్రోహం అవుతుందని ఈమె భయం. దీనికి తోడు, ఇంగ్లిషు పుస్తకాలు కొరుకుడుపడక, చరిత్ర అధ్యాయంలో సుమారు ఇరవై పేజీలను రెండు పాత థీసిస్‌ల నుంచి మాటలు మార్చి ఎత్తి రాశారు. గడువు నాలుగు నెలలే ఉంది. "పాడగలిగినది రాయలేకపోతున్నాను. విమర్శ నా స్వభావంలో లేదేమో. చదువు ఆపేసి పిల్లలకు పాఠాలు చెప్పుకోవడం మేలా?" అని అడుగుతున్నారు.

మీ చివరి ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ఉత్తరం మధ్యలో మీరు యథాలాపంగా రాసిన ఒక వాక్యం దగ్గర మొదలుపెడతాను. తోటి విద్యార్థిని ఇదే కృతి పాడుతున్నప్పుడు "అనుపల్లవి రెండో సంగతిలో ఆమె నిషాదం మీద నిలిచిన తీరు మా గురువుగారి బాణీ కాదని వెంటనే తెలిసిపోయింది" అన్నారు. (అనుపల్లవి పల్లవి తరువాత వచ్చే భాగం; సంగతి అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే వరుసల్లో ఒకటి.) ఆ ఒక్క క్షణంలో మీరు రెండు పాఠాలను పోల్చారు, తేడా ఏ అంగంలో, ఏ సంగతిలో, ఏ స్వరం మీద ఉందో పట్టుకున్నారు, ఆ తేడా ఏ పరంపరకు చెందదో తేల్చారు. పరిశోధనలో విమర్శ అని మీ మేడమ్ అడుగుతున్నది ఇంతకుమించి మరేమీ కాదు. చెవితో చేస్తున్న పనిని కాగితం మీదికి తెచ్చేసరికి మీరు ఆ చెవిని మూసేసి, సభలో వక్త పరిచయం చేసే గొంతు ఎత్తుకుంటున్నారు. అక్కడే తేడా వస్తోంది.

మీరు జతచేసిన పేజీలోని మొదటి వాక్యమే చూద్దాం: "సద్గురు శ్రీ త్యాగరాజస్వామివారు రచించిన నగుమోము కృతి ఆభేరి రాగంలోని మాధుర్యాన్నంతా వెలికితీసి శ్రోతలను ఆనందసాగరంలో ఓలలాడిస్తుంది." ఇందులో భక్తి ఉన్నందుకు మేడమ్ స్తోత్రం అన్నారని నేననుకోను. ఆనందసాగరం గురించి ఎవరూ అవుననీ కాదనీ అనలేరు, కాబట్టి దాని మీద చర్చే లేదు. చర్చించవలసింది మాత్రం అదే వాక్యంలో ఎవరి కంటా పడకుండా ఒదిగి కూర్చుంది: "ఆభేరి రాగంలోని".

ఏ ఆభేరి? వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయంలో ఆభేరికి శుద్ధ ధైవతం. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో అది 20వ మేళం కింద ఉంది. ముత్తుస్వామి దీక్షితుల ‘వీణాభేరీ’ని ఇప్పటికీ అలాగే పాడతారు. నేడు కచేరీల్లో వినబడే నగుమోము చతుశ్రుతి ధైవతంతో నడుస్తుంది, అంటే 22వ మేళమైన ఖరహరప్రియకు చేరుతుంది. ఈ రూపం కర్ణాటక దేవగాంధారి అనే మరో రాగానికే దగ్గరని వాదించేవారున్నారు. మొదట శుద్ధ ధైవతంతోనే పాడేవారనీ, గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ పాడిన తరువాత చతుశ్రుతి ధైవతానికి ప్రచారం పెరిగిందనీ సంగీతలోకంలో చెప్పుకుంటారు. మీ వాక్యంలోని మూడక్షరాల మాట వెనక ఇంత తగాదా ఉంది. దాన్ని తేలిన విషయంలా రాసేసి, ఎవరూ అడగని మాధుర్యాన్ని వర్ణించారు.

నేనిప్పుడే "చెప్పుకుంటారు" అన్నాను, గమనించారా? వ్యాసంలో ఆ మాట రాయవచ్చు, తప్పులేదు. అయితే అక్కడితో ఆగకూడదు. ఎవరు చెబుతున్నారు, ఎప్పటి నుంచి చెబుతున్నారు, ఆ ప్రచారానికి ముందు పాడినవారి రికార్డు గాని రాత గాని ఏదైనా దొరుకుతుందా అన్నవి వెంటనే అడగవలసిన ప్రశ్నలు. జవాబు దొరక్కపోతే "ఈ అభిప్రాయం విస్తృతంగా ఉంది, దీన్ని నిర్ధారించే ఆధారం నా పరిశీలనలో కనబడలేదు" అని రాయండి. ఆ వాక్యం రాయడానికి మొహమాటపడతారు గాని, పరీక్షకులకు నచ్చేది అలాంటి వాక్యమే. తెలుగు క్రియాపదాలు ఈ విషయంలో మనకు చాలా సాయం చేస్తాయి. ఉంది, అంటారు, అనిపిస్తోంది, అనుకోవడానికి వీలుంది, నిర్ధారించవచ్చు: ఈ అయిదూ అయిదు మెట్లు. మీ అధ్యాయంలో వాక్యాలన్నీ మొదటి మెట్టు మీదే నిలబడి ఉన్నాయి.

ఇక పుస్తకం సంగతి. మీ గురువుగారి మాటను మీరు కోపంగానో తిరస్కారంగానో తీసుకున్నట్టున్నారు. నాకు అందులో సగం సిద్ధాంతం కనబడుతోంది. ఆ పాత పుస్తకం మళ్ళీ తెరిచి, తలకట్టును చేత్తో మూసి, స్వరలిపి పంక్తిని మాత్రమే చూడండి. అక్కడ ఉన్నది "ద" అనే అక్షరం. అది శుద్ధమో చతుశ్రుతియో ఆ అక్షరం చెప్పదు. శుద్ధమని మీకు చెప్పింది పైనున్న మేళం సంఖ్య. ఆ సంఖ్యను వేసింది ఎవరు? పాడి వినిపించిన విద్వాంసుడా, స్వరలిపి రాసినవాడా, లేక రాగం పేరు ఆభేరి అని చూసి ఏదో లక్షణగ్రంథం (రాగాల శాస్త్రగ్రంథం) నుంచి దించిన ప్రచురణకర్తా? మూడోది నిజమైతే, ఆ పుస్తకం శుద్ధ ధైవతంతో పాడారనడానికి సాక్ష్యం కాదు. ఆభేరి అంటే శుద్ధ ధైవతమని ప్రచురణకర్త నమ్మాడనడానికి మాత్రమే సాక్ష్యం. ముందుమాటలో పాఠం ఎవరిదో చెప్పారేమో చూడండి. అదే పుస్తకంలో మిగతా కృతుల తలకట్లు లోపలి స్వరాలతో పొసగుతున్నాయో లేదో పది కృతులు తిప్పి పరీక్షించండి. ఈ పనికి ఒక మధ్యాహ్నం చాలు. మీ డిసర్టేషన్‌లో ఇంతకంటే విలువైన రెండు పేజీలు ఉండకపోవచ్చు.

ముద్రిత స్వరలిపికి ఉన్న హద్దులు మీకు పాడేవారిగా తెలిసినంతగా సంగీతం రాని చరిత్రకారుడికి తెలియవు. ప్రదర్శినిలో గమకాలకు (స్వరాన్ని కదిలించి పాడే ఊపులకు) ప్రత్యేకంగా గుర్తులున్నాయి. చాలా స్వరలిపి పుస్తకాలలో అవి ఉండవు. రికార్డులకూ హద్దులున్నాయి. 78 ఆర్.పి.ఎం. పళ్ళెంలో ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది, కాబట్టి అందులో ఒక సంగతి లేనంత మాత్రాన ఆ విద్వాంసుడికి అది రాదని తీర్మానించకూడదు. త్యాగరాజు (1767–1847) కృతులు మనకు శిష్యపరంపరల ద్వారానే వచ్చాయి; ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం, వాలాజాపేట పరంపరల పాఠాలు ఒకదానితో ఒకటి అన్నిచోట్లా కలవవు. మధురైలోని సౌరాష్ట్ర సభలో ఉన్న వాలాజాపేట రాతప్రతులను ప్రస్తావించకుండా పాఠాంతరాల మీద రాస్తే వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్న దాని గురించే వస్తుంది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ పత్రిక 1930 నుంచి వెలువడుతోంది. రాగలక్షణాల మీద విద్వాంసులు చేసిన చర్చలు అందులో పేర్లతో సహా నమోదై ఉన్నాయి. పెద్దలు ఒకరితో ఒకరు ఎంత నిక్కచ్చిగా విభేదించారో చదివితే మీ భయం కొంత తగ్గుతుంది.

నిజానికి మన శాస్త్రం విభేదాల మీదే పెరిగింది. రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాసింది, లక్షణ విషయంలో అభిప్రాయాలు పొసగకపోతే సమన్వయించమని విజయనగర పాలకుడు అళియ రామరాయలు కోరినందువల్ల. తరువాతి శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో ఆ రామామాత్యుణ్ణే ఎంత ఘాటుగా ఖండించాడంటే, ఆ ధోరణిలో మీరు రాస్తే మీ మేడమ్ మళ్ళీ ఎర్ర సిరా తీస్తారు. మీరు అంత దూరం వెళ్ళనక్కర్లేదు.

మరి గురువుగారి విషయంలో మీకున్న దారులేమిటి? మొదటిది, ఆ కృతిని జాబితాలోంచి తీసేయడం. ఇంట్లో శాంతి ఉంటుంది. అయితే మీ ఉత్తరంలో మిగతా ఏడు కృతుల గురించి మొత్తం మీద రాసింది అర పేజీ, దీని గురించి మూడు పేజీలు. మిమ్మల్ని నిజంగా కదిలించిన ప్రశ్నను వదిలేస్తే మిగిలేది పట్టికలే.

రెండో దారి, రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి, ఏది సరైనదో తీర్పు చెప్పకుండా తేడాలను మాత్రం సూక్ష్మంగా వర్ణించడం. ఎం.ఏ. స్థాయికి ఇది గౌరవప్రదమైన పనే. మీ గురువుగారి పాఠం అందులో ప్రధాన ఆకరం అవుతుంది. ఆయన పేరు, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది, మీరు రికార్డు చేసిన తేదీ పాదసూచికలో ఉంటాయి. శిష్యురాలు గురువుకు చేయగల మర్యాదల్లో ఇది చిన్నదేమీ కాదు. దీనికొక లోటుంది. "అయితే మీ అభిప్రాయం ఏమిటి?" అని వైవాలో అడిగితే నీళ్ళు నమలవలసి వస్తుంది. అందుకని తీర్పు ఎందుకు ఇవ్వడం లేదో ముందే ఒక పేరాలో రాసుకోవాలి.

మూడో దారి, వాదన చేయడం. ఆధారాలను తూచి, ఫలానా రూపం ముందుదని గాని, రెండూ వేర్వేరు పరంపరల్లో సమాంతరంగా నడిచాయని గాని, ఉన్న సాక్ష్యంతో తేల్చలేమని గాని చెప్పడం. కష్టం ఎక్కువ, మీ గొంతు వినబడేది కూడా ఇందులోనే. ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఏ రూపం ముందుదన్నది చారిత్రక ప్రశ్న. ఏది పాడాలన్నది వేరే ప్రశ్న. శుద్ధ ధైవతమే పాతదని రేపు తిరుగులేకుండా రుజువైనా, మీరు కచేరీలో గురువుగారి పాఠమే పాడవచ్చు, ఎవరూ ఆక్షేపించరు. మీరు ఈ రెంటినీ ముడివేసినందువల్లే ద్రోహమనే మాట వచ్చింది. నన్నడిగితే రెండో దారిలో మొదలుపెట్టండి, ఆధారాలు తీసుకుపోతే మూడోదానిలోకి వెళ్ళండి. ఆయన స్వభావం తెలిసింది మీకు, నాకు కాదు. అందుచేత మొదటిదాన్ని పూర్తిగా కొట్టివేయను.

మీ ఆధారాలు నేననుకున్నట్టే ఉంటే ఆ పేరా సుమారుగా ఇలా ఉండవచ్చు: "నేను నేర్చుకున్న పాఠంలో అవరోహణ సంచారాల్లో చతుశ్రుతి ధైవతం వినబడుతుంది. పరిశీలించిన ముద్రిత పాఠం ఈ కృతిని 20వ మేళంలో చేర్చింది గాని, అందులోని స్వరలిపి ధైవత భేదాన్ని విడిగా సూచించదు. పల్లవి ఎత్తుగడా సంగతుల వరుసా రెండింటిలోనూ ఒకటే కాబట్టి, ఇవి రెండు వేర్వేరు వర్ణమెట్లు కావనీ, ఒకే వర్ణమెట్టులో స్వరస్థానం విషయంలో వచ్చిన భేదమనీ అనుకోవడానికి వీలుంది." ఇందులో విశేషణాలు దాదాపు లేవు. గురువుగారిని తక్కువ చేసిన మాట ఒక్కటీ లేదు.

ఎత్తి రాసిన పేజీల గురించి మెత్తగా చెప్పలేను. సాఫ్ట్‌వేర్‌కు తెలుగు సరిగా చిక్కదని మీ స్నేహితురాలు ధైర్యం చెప్పారన్నారు. సంగీత శాఖలు చిన్నవి. ఆ పాత థీసిస్ రాసినవారే మీ వైవాకు పరీక్షకులుగా వచ్చి కూర్చోవచ్చు. గ్రంథచౌర్యంపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనలు ఎం.ఏ. డిసర్టేషన్లకూ వర్తిస్తాయి. ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే 6 నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మీ ఇరవై పేజీలు మొత్తంలో ఎంత శాతమవుతాయో మీరే లెక్కవేయండి. ఆకరం చెప్పి ఉటంకించిన భాగాలు ఈ లెక్కలోకి రావు కాబట్టి, ఒక దారి అందులో నిజంగా అవసరమైన నాలుగైదు వాక్యాలను కొటేషన్ గుర్తులతో, పేజీ సంఖ్యతో ఉంచుకొని మిగతాది తీసేయడం. రెండో దారి, ఆ థీసిస్‌లు ఏ మూలగ్రంథాల మీద ఆధారపడ్డాయో వాటినే తెరిచి మళ్ళీ రాయడం; దీనికి నెల పడుతుంది గాని, పాత థీసిస్‌లో ఉన్న తప్పు మీ పేరుమీదికి రాకుండా ఉంటుంది. మాటలు మార్చి ఊరుకోవడం అనే మూడో దారిలో మీరు ఇప్పటికే ఉన్నారు. అది దొంగ సొత్తుకు రంగు వేయడమే. ఏ దారి పట్టినా, మేడమ్‌తో ముందే మీ నోటితో చెప్పండి. డ్రాఫ్టు దశలో చెబితే అది సవరణ. సమర్పించాక వాళ్ళే కనిపెడితే దాన్ని వేరే పేరుతో పిలుస్తారు.

ఇంగ్లిషు విషయం మీరనుకున్నంత పెద్దది కాదు. పుస్తకమంతా చదవాలని కూర్చోకండి. విషయసూచికలో మీ రాగం, మీ కృతి ఉన్న పేజీలు తీసి, రోజుకు రెండు పేజీలు చదవండి. చదివిన తరువాత పుస్తకం మూసి, రచయిత ఏమంటున్నాడో మీ తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. అప్పుడే పుస్తకం తెరిచి సరిచూసుకోండి. నోటుపుస్తకంలో ఎడమ వైపు రచయిత మాట, పేజీ సంఖ్యతో. కుడి వైపు మీ సందేహం. కుడి వైపు వరసగా మూడు రోజులు ఖాళీగా ఉంటే మీరు చదవడం లేదు, ఎక్కించుకుంటున్నారని అర్థం. పుస్తకం మూసి రాసే అలవాటు ఉన్నవారి చేత ఎత్తిరాత దాదాపు జరగదు. డిసర్టేషన్ తెలుగులో ఇవ్వడానికి మీ శాఖ ఒప్పుకుంటుందేమో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఒప్పుకుంటే సగం బరువు దిగుతుంది.

ఎనిమిది కృతులు నాలుగు నెలలకు ఎక్కువ. ఎనిమిదీ ఉంచుకుంటే పట్టికలు వస్తాయి, రెండు ఉంచుకుంటే వాదన వస్తుంది. నమోదైన శీర్షికను మార్చడం ఆఫీసు చుట్టూ తిరిగే పని కాబట్టి దాన్ని అలాగే ఉంచి, ముందుమాటలో పరిధిని రెండు కృతులకు కుదించి కారణం చెప్పవచ్చునేమో మేడమ్‌ను అడగండి. ఆమె ఒప్పుకోకపోతే నాలుగింటి దగ్గర రాజీపడండి.

చదువు మానేయడం గురించి క్లుప్తంగా చెబుతాను. పాఠాలు చెప్పుకోవడం మంచి వృత్తే, దానికి ఈ డిసర్టేషన్ అడ్డమేమీ కాదు. కానీ రేపు మీ దగ్గరికి వచ్చిన పిల్ల మరో పుస్తకం పట్టుకొచ్చి, ఇందులో ధైవతం వేరేగా ఉందేమిటండీ అని అడుగుతుంది. అప్పుడు ఆమెకు ఏం చెప్పాలనుకుంటున్నారో ఆలోచించి నిర్ణయించుకోండి.

ఈ వారంలో చేయవలసిన పని ఒకటుంది. గురువుగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళండి, ఈసారి ఆ పుస్తకం తీసుకెళ్ళకండి. ఏది సరైనదని అడగవద్దు. ఈ కృతి మీకు ఎవరు చెప్పారు, అప్పుడు మీ వయసెంత, వారు చెప్పిన సంగతులెన్ని, తరువాత మీరు ఏమైనా చేర్చారా, ఇంకెవరైనా వేరుగా పాడగా విన్నారా అని అడగండి. రికార్డు చేసుకోవడానికి ముందే అనుమతి తీసుకొని, పాఠం అయ్యాక ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఆపేసి ఫోన్ దగ్గరగా పెట్టండి. శ్రుతి మోగుతుంటే పాట బాగానే వినబడుతుంది గాని, పెద్దవారు తగ్గు గొంతుతో చెప్పే మాటలు తరువాత ఒక్కటీ అర్థం కావు.